ఊరు విడిచిపోవు వీరుడు

అపరాధ పరిశోధక నవలలు చదువుట కాలహరణమనియు, చదివితిమని నలుగురిలో చెప్పుకొనుట చిన్నతనమనియు మన పెద్దలలో అనేకుల నమ్మకము. మేమును కొంతకాలము ఆ మతమువారమే. అయినను లీ చైల్డ్ అను ఆంగ్ల రచయిత వ్రాసిన జాక్ రీచర్ నవలలను ఒకదానివెంట నొకటిగా చదివి ఆనందించితిమి. ఆనందించిన సంగతి దాచుట విమర్శకునకు తగదు. ఏల ఆనందించితిమో, ఆ యానందమున కెంత విలువ గలదో విచారించుట తగును.

లీ చైల్డ్ అనునది కలముపేరు. అసలు పేరు జిమ్ గ్రాంట్. 1995లో గ్రనాడా టెలివిజను సంస్థలో ఉద్యోగము పోగా నవలారచనకు పూనుకొని, 1997లో 'కిల్లింగ్ ఫ్లోర్' అను మొదటి నవలను ప్రకటించెను. కథానాయకుడగు రీచర్ అమెరికా సైన్యమున మిలిటరీ పోలీసు మేజరుగా నుండి కొలువు విడిచినవాడు; ఆరడుగుల ఐదంగుళముల దేహము గలవాడు. ఇల్లు లేదు, పెట్టె లేదు. దొరికిన బస్సెక్కును, తోచినచోట దిగును. దిగిన ఊర నేదో యొక అన్యాయము అతనికొరకే కాచుకొని యుండును.

మొదటి నవలలోని మార్గ్రేవ్ అను చిన్న పట్టణమును చూడుడు. వీధులు అద్దములవలె నుండును. అంగళ్లలో బేరము లేదు. అయినను వర్తకులకు కొరత లేదు. దొంగనోట్లు ముద్రించు ధనికుడు వారికి వారమునకు వేయి డాలర్లు పంచుచుండును. ఎవ్వరును ప్రశ్నింపరు. అన్యాయము బెదిరించియే కాదు, ఉపకారము చేసియు నోరు మూయించునని రచయిత చక్కగా గ్రహించెను. గుడికి ప్రాకారము కట్టించినవాని లెక్కలను అడుగ వెరచు ఊళ్లు మనకు క్రొత్త గావు.

తెనాలిలో జన్మించిన కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్ వేరు తరహావాడు. అతనికి మద్రాసులో నిలుకడ గలదు. రాజు అను సహాయకుడు గలడు. ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావు తోడు గలదు. నేరస్థుని కనిపెట్టి చట్టమునకు అప్పగించును. రీచరో, తానే సాక్షి, తానే న్యాయాధిపతి, తానే తలారి. దుష్టులను మిక్కిలి దుష్టులుగా చిత్రించుటచే చదువరి మనస్సాక్షి నిద్రపోవును. ఇది ఆ నవలల మొదటి లోపము.

రెండవది ఇంతకంటె పెద్దది. ఇట్టివాడు తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగెననుకొందము. రైలుమార్గ మచ్చటనే ముగియును. వచ్చిన త్రోవను మరలుట అతనికి కిట్టదు గనుక, దుర్మార్గులను నాలుగు దినములలో చక్కబెట్టి, పెనుమూడి వంతెనమీదుగా కృష్ణ దాటి అవనిగడ్డ దెస పోవును. ఐదవ దినమున ఊరేమగును?

బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది 1913లో. ఆంధ్రరాష్ట్ర మేర్పడినది 1953లో. నడుమ నలువది సంవత్సరములు. తెనాలిలో సూతాశ్రమమున నివసించిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారు తెలుగున 'వివాహవిధి' రచించి, పెండ్లి తంతును మార్చబూనిరి. తాము కాదన్న ఆచారములను పాటించువారే వారి ఇరుగుపొరుగు. వాదించినవాని ముఖము మరునాడును చూడవలసియుండుట సంస్కర్త కష్టము; ఆ కష్టము రీచర్ ఎరుగడు. అతని కథలు మనకు ఇంత హాయినిచ్చుటకు కారణమిదియే యని మా యభిప్రాయము. పొరుగువానితో విరోధము లేకుండ న్యాయము జరుగవలెనను మన రహస్యపు కోరికను అవి తీర్చుచున్నవి.

మొదటి నవల చివర రీచర్ వెడలిపోవును. రాస్కో అను పోలీసు యువతి ఆ ఊరనే నిలిచిపోవును. అచ్చట గ్రంథము ముగియును. మాకు మాత్రము అటుపై ఆమె యేమి చేసినదో తెలిసికొనవలెనని యుండెను. ఈ నవలలను ఇంటిలోని పిల్లలు చదివినచో పెద్దలు లాగికొనవలదు, తామును చదువుడు. పుస్తకము మూసిన పిదప, మన వీధిలో ఎవరును అడుగని ప్రశ్న యేదియో కలసి ఆలోచింపుడు. దానిని అడుగుటకు బస్సు దిగి యెవడును రాడు.