జారని గొట్టం

ప్లాస్టిక్ క్యాన్లు ఊదే షెడ్డులోకి వెళ్తే ముందు చూడాల్సింది యంత్రాన్ని కాదు, ఆపరేటర్ కళ్లను. పైనుంచి పాలిథిలీన్ గొట్టం వేడివేడిగా, మెత్తగా దిగుతుంటుంది. సొంత బరువుకే అది సాగిపోతే పైభాగం పలచబడుతుంది, రేపు క్యాన్ చిట్లేదీ అక్కడే. సాగకముందే అచ్చు మూసుకోవాలి, గాలి నిండాలి. ఆ క్షణాన్ని అతను చూపుతోనే పట్టేస్తాడు.

గొట్టాన్ని నిలబెట్టేది అణుభారం, అంటే అణువు గొలుసు ఎంత పొడవన్నది.

కొవ్వొత్తి మైనంలోనూ, క్యాన్‌లోనూ ఉన్నది ఒకే రకం కార్బన్ గొలుసు. మైనంలో అది పొట్టిది, గోటితో గీకితే రాలుతుంది. క్యాన్‌లో వేల కార్బన్ల పొడవుండి, ఒకదానికొకటి చిక్కుపడి ఉంటుంది. గొలుసు పొడవు రెట్టింపైతే కరిగిన ముద్ద చిక్కదనం దాదాపు పదింతలవుతుంది! అందుకే అచ్చులోకి చకచకా పారాల్సిన బకెట్ల ప్లాస్టిక్ గింజలు క్యాన్లకు పనికిరావు. బస్తా మారితే మంచి పనివాడు ముందు గ్రేడ్ చూస్తాడు, తర్వాతే వేడి సరిచేస్తాడు.

పొడవుతోపాటు గొలుసు ఎంత సులువుగా వంగుతుందన్నదీ ముఖ్యమే. 1974లో నోబెల్ అందుకున్న పాల్ ఫ్లోరీ దాన్ని లాక్షణిక నిష్పత్తితో కొలిచాడు. పాలిథిలీన్‌కు అది సుమారు 7, బిరుసైన పాలీస్టైరీన్‌కు సుమారు 10.

ఆపరేటర్‌కు ఈ అంకెలు తెలియకపోవచ్చు. వాటి ఫలితం మాత్రం రోజూ అతని చేతుల్లోనే ఉంటుంది. ఈసారి క్యాన్ కొన్నప్పుడు పై మూలలు నొక్కి చూడండి. అక్కడా గట్టిగా తగిలితే, దాన్ని ఊదినవాడు పనిమంతుడే.