మోడుకు మృగశిర దాకా గడువు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే హనుమకొండ, కాజీపేట, వరంగల్ డాబాల మీద కుండీల్లో పెరుగుతున్న పండ్ల చెట్ల మీద తీర్పులు పడుతుంటాయి. అంజీరకు ఒక్క ఆకు మిగలదు. సీతాఫలం పుల్లల కట్టలా నిలబడి ఉంటుంది. దానిమ్మ కొమ్మ చివర పట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. చలికి చచ్చిపోయిందని కొందరు పీకి పారేస్తారు. ఇంకొందరు జాలిపడి బకెట్ల కొద్దీ నీళ్లు పోసి, గుప్పెళ్ల కొద్దీ ఎరువు వేస్తారు. రెండూ పొరపాటే అంటాను. మన ఓరుగల్లు చలి ఈ చెట్లను చంపేంతటిది కాదు. చచ్చిందని అనుకున్నాక మనం పడే తొందరే వాటి ప్రాణం తీస్తుంది.

మనకు మంచు గడ్డకట్టే చలి లేదు. పుష్యమాసపు రాత్రి 10 డిగ్రీల దరిదాపుల్లోకి దిగితేనే గజగజ వణుకుతాం. మంచు కురిసే అమెరికా ఊళ్లలో మనవాళ్లు కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చి కాపాడుకుంటారంటే అర్థం ఉంది. అక్కడ కుండీలో మట్టి గడ్డకట్టి వేరే పోతుంది. ఇక్కడ సీతాఫలం, అంజీర, దానిమ్మ ఆకు రాల్చడం వాటంతట అవి చేసుకునే పని. తొడిమ మొదట్లో ఒక సన్నని పొర ఏర్పడి ఆకును కొమ్మనుంచి విడదీస్తేనే ఆకు రాలుతుంది. అది బతికున్న కణాలకే చేతనవును. కొమ్మ హఠాత్తుగా చస్తే ఆకులు రాలవు, ఎండిపోయి దాన్నే పట్టుకుని వేలాడతాయి. కాబట్టి ఎండుటాకులతో నిండుగా ఉన్న చెట్టు కంటే బోసిగా ఉన్న చెట్టు మీదే ఆశ ఎక్కువ పెట్టుకోవచ్చు. దానిమ్మ రైతుకు ఈ సంగతి బాగా తెలుసు. బహార్ పట్టడమంటే నీళ్లు ఆపి, చెట్టును ఎండబెట్టి, ఆకు రాల్పించి, ఆ తర్వాత ఎరువూ నీళ్లూ ఇచ్చి ఒక్కసారిగా పూత తెప్పించడమే. జనవరి, ఫిబ్రవరిలో పట్టేది అంబే బహార్, తొలకరికి పట్టేది మృగ్ బహార్. రైతు కావాలని తెచ్చుకునే మోడుతనాన్ని చూసి డాబా మీద మనం చావనుకుంటున్నాం.

కొమ్మలు నిజంగానే ఎండినా కథ ముగిసినట్టు కాదని తెలంగాణ మొత్తం చూసింది. 2021లో మన వేపచెట్లు చివర్ల నుంచి మాడుతూ కిందికి ఎండుకొచ్చాయి. ఊరి వేపలన్నీ పోతున్నాయని జనం బెంబేలెత్తారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చిన తెగులు అదని, చెట్లను నరకవద్దని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ తర్వాత చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. చివర్లు పోయినా మొదలు బతికే ఉంటే, బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలు లేచి కొత్త కొమ్మలవుతాయి. కుండీలోని చెట్టుకూ ఇదే సూత్రం.

అయితే ఆశ ఒక్కటే చాలదు, పరీక్ష కావాలి. కొమ్మ చివర గోటితో బెరడును కొద్దిగా గీకి చూడాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే జానెడు కిందికి జరిగి మళ్లీ గీకాలి. పచ్చదనం ఎక్కడ మొదలైందో దానికి కాస్త పైన కత్తిరించాలి. కాండమంతా ఎండినా మట్టిని కొద్దిగా తొలగించి మొదలును చూడందే తీర్పు చెప్పకూడదు. చివరగా వేరు. కుండీ వంచి మట్టిగడ్డతో సహా చెట్టును బయటికి తీస్తే, బతికిన వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో గట్టిగా ఉంటుంది. చచ్చిన వేరు నల్లబడి మెత్తగా చేతికి ఊడి వస్తుంది, కుళ్లు వాసన కొడుతుంది.

ఆ కుళ్లే అసలు హంతకి. ఆకులున్నప్పుడు చెట్టు నీటిని తాగి గాలిలోకి వదులుతుంది. ఆకులు లేనప్పుడు ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. వేసవిలో పోసినట్టే రోజూ పోస్తే నీరు మట్టిలోనే నిలిచి, వేరుకు గాలి ఆడదు. కుండీలో నల్లరేగడి నింపితే ముప్పు ఇంకా ఎక్కువ. తడికి ఉబ్బి, నీటిని పట్టి ఉంచే గుణం దానిది. అందుకే మోడుకు చేయవలసిన మొదటి ఉపచారం నీళ్లు తగ్గించడం. మట్టిలో రెండంగుళాల లోతుకు వేలు పెట్టి, పొడి తగిలితేనే కొద్దిగా పోయాలి. అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి. కుళ్లిన వేళ్లు కత్తిరించి, ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన గుల్ల మట్టిలోకి మార్చాలి. యూరియా జోలికి పోకూడదు. తాగలేని వేరుకు అది విషం. ఆకుల నీడ లేని బెరడును ఫాల్గుణపు ఎండ కాల్చకుండా పలుచని నీడలో ఉంచి, డాబా వేడి తగలకుండా కుండీ కింద ఇటుకలు పెట్టాలి. చిగురు విచ్చాకే నీరు పెంచాలి, ఆ తర్వాతే ఎరువు.

దీనికి అభ్యంతరాలున్నాయి, న్యాయమైనవే. నిమ్మ, జామ, సపోటా కూడా ఇలా నిద్రపోతాయా? పోవు. ఏడాది పొడవునా పచ్చగా ఉండే జాతులవి. అవి ఆకులన్నీ రాల్చాయంటే వేరుకో కొమ్మకో జబ్బు ఉన్నట్టే, కాబట్టి వాటి వేళ్లను వెంటనే చూడాలి. అంటుమొక్క అయితే చిగురు ఎక్కడి నుంచి వచ్చిందో గమనించాలి. అంటు కింద నుంచి వస్తే బతికింది వేరుమొక్కే, మనం కోరిన రకం పోయింది. కొమ్మ నాటి పెంచిన అంజీర, దానిమ్మలకు ఆ చింత లేదు, మొదట్లో వచ్చిన పిలక కూడా అదే రకం. నర్సరీలో కొత్త మొక్క దొరుకుతుంటే ఇంత ఓపిక దేనికంటారా? నాలుగేళ్ల వేరున్న మోడు తేరుకుంటే ఎదిగే వేగం చిన్న మొక్కకు రాదు. అంతకంటే ముఖ్యంగా, పాతది ఎందుకు ఎండిందో తెలియకుండా అదే కుండీలో, అదే మట్టిలో కొత్తది పెడితే వచ్చే మాఘానికి దానికీ అదే గతి.

ఎన్నాళ్లు ఆగాలన్నది చివరి ప్రశ్న. అంజీర, దానిమ్మ సాధారణంగా ఉగాది నాటికే చిగురు చూపిస్తాయి. సీతాఫలం మొండిది, వేసవి వానల దాకా, ఒక్కోసారి తొలకరి దాకా ఆగుతుంది. జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిర కార్తెను గడువుగా పెట్టుకుందాం. వాన పడ్డాక కూడా కదలకపోతే, గీకినచోటల్లా పొడిగానే ఉంటే, తీసేయడం తప్పు కాదు. కానీ తీసిన రోజు వేళ్లను విడదీసి చూడండి. అవి కుళ్లి ఉంటే ఆ చెట్టును చంపింది పుష్యమాసపు చలి కాదు, మన చేతిలోని నీళ్ల మగ్గు.