దోర జామకాయ, కస్టర్డ్ గంగాళం

మార్గశిరం వచ్చేసింది. పొద్దున ఎనిమిదైనా మంచు విడవడం లేదు. అలాంటి రోజున ఓ షష్టిపూర్తికి వెళితే భోజనం చివర ప్లాస్టిక్ కప్పులో పండ్ల ముక్కలు పెట్టారు. పుచ్చకాయ, ఖర్బూజా, అంచులు గోధుమరంగుకి తిరిగిన ఆపిల్. పుచ్చముక్కలో నీళ్లున్నాయి, తీపి లేదు. ఫంక్షన్ హాలు గేటు బయట మాత్రం తోపుడుబండి మీద జామకాయలు గుట్టగా పోసి ఉన్నాయి, కొన్నిటికి తొడిమతో పాటు ఆకు కూడా ఉంది. లోపల అంతమందికి ఎండాకాలం పండు వడ్డించి, చలికాలం పండుని గేటు దగ్గరే ఆపేయడం చూస్తే నాకు కోపం వచ్చింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పట్టుదలలు తెలిసినవే. కాలానికి ఎదురెళ్లి వండొద్దంటాను. పండుకి పంచదార తగిలించొద్దంటాను. ఫ్రూట్ సలాడ్ పేరుతో మన పెళ్లిళ్లలో పోసే కస్టర్డ్ మీద ఎన్నిసార్లు విరుచుకుపడ్డానో పాత పాఠకులకి గుర్తుండే ఉంటుంది. ఈ వారం కూడా దాని గురించే మొదలుపెట్టాను.

ముందు జామ సంగతి. వానాకాలపు కాపు నీరునీరుగా ఉంటుంది, పండు ఈగ కుట్టి పురుగు పడుతుంది. జూన్, జులైల్లో పూసిన పూత శీతాకాలానికి కాయవుతుంది. చలికి నెమ్మదిగా ముదురుతుంది కాబట్టి కండ గట్టిపడి, తీపీ వాసనా దట్టంగా పడతాయి. మన బజార్లో దొరికేవాటిలో లక్నో-49 ఎక్కువ. పేరులో లక్నో ఉన్నా దాన్ని ఎంపిక చేసింది పుణెలో. సి విటమిన్ లెక్కన చూస్తే జామ ముందు నారింజ నాలుగో వంతుకి వస్తుంది. ఇంత మంచి పండుని సలాడ్‌లోంచి వెలివేయడానికి అందరూ చెప్పే కారణం ఒక్కటే, గింజలు. ఆ గింజల భాగమే నాకు కావాలి.

నేను చేసే పద్ధతి ఇది. గిన్నెలో ముందు రెండు కమలాపండ్ల రసం పిండుతాను. తర్వాతే కత్తి పట్టుకుంటాను. కోసిన చోట గాలి తగిలితే పండులోని ఎంజైమ్ పనిచేసి ముక్క రంగు మారుతుంది. పులుపు ఆ పనిని నెమ్మదింపజేస్తుంది. అందుకని ఆపిల్ ముక్క పలక మీంచి నేరుగా రసంలో పడాలి, పళ్లెంలో కాసేపు ఎదురుచూడకూడదు. జామకాయలు రెండు రకాలు తీసుకుంటాను, దోరవి కొన్ని, మెత్తగా పండినవి కొన్ని. దోరవాటి చుట్టూ ఉన్న కండ ముక్కలవుతుంది. పండినవాటి నడిమి గుజ్జుని గింజలతో సహా కాస్త కమలా రసం పోసి మెదిపి, జల్లెడలో గరిటెతో నొక్కి దించుతాను. జామలో పెక్టిన్ బాగా ఉంటుంది, అందుకే ఆ గుజ్జు చిక్కగా దిగి ముక్క ముక్కకీ పట్టుకుంటుంది. వేరే తీపి అక్కర్లేదు. ఉప్పు మాత్రం చిటికెడు వేస్తాను, అదీ వడ్డించే ముందే. ఉప్పైనా పంచదారైనా ముందే చల్లితే ముక్కల్లోంచి నీరు లాగేసి అడుగున మడుగు కట్టిస్తుంది.

కమలా తొనలకి తెల్లపీచు తీస్తే చాలదు, పైపొర కూడా ఒలవాలి. ఓపిక లేనివాళ్లు కమలాలని రసానికే ఉంచుకోవడం మేలు. సపోటా పెద్ద ముక్కలుగా, అరటి అన్నిటికంటే చివర, దానిమ్మ గింజలు పైన. రేగుపళ్లు దొరికితే గింజ తీసి నాలుగు ముక్కలు వేస్తాను, ఆ పులుపు సపోటాని నిలబెడుతుంది. కొనేటప్పుడు గమనించాల్సింది ఇంకొకటుంది. కమలా, దానిమ్మ, ద్రాక్ష కోశాక తీపెక్కవు. కొన్నరోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. జామ, సపోటా, అరటి ఇంట్లో పండుతాయి. సపోటా రెండుమూడు రోజుల ముందే తెచ్చి పెట్టుకోకపోతే వగరుకి నాలుక మొద్దుబారుతుంది.

ఈ జల్లెడ గుజ్జు నా తెలివి కాదు, మా నాయనమ్మది. పెరట్లో జామచెట్టు ఉండేది. ఆవిడకి పళ్లు లేవు. దోరకాయల్ని చిన్న రోట్లో ఉప్పూ పచ్చిమిరపకాయా వేసి దంచి, గింజలు ఏరి పారేసి, ఆ ముద్దని నాలిక మీద పెట్టుకుని చప్పరించేది. కృష్ణ ఒడ్డున పల్లె అది. చెట్టున కాసేవి జామ, సీతాఫలం, రేగు, ఉసిరి. బజారు పండు ఇంటికొచ్చిందంటే మంచం పట్టినవాళ్ల కోసమే. బత్తాయిలు జ్వరానికి, ఆపిల్ పెద్ద జబ్బుకి. ఎవరి చేతిసంచిలోనైనా ఆపిల్ కనబడితే, ఎవరికి బాగోలేదని అడిగేవాళ్లు.

మాఘమాసపు పెళ్లిళ్లలో మాత్రం అది మారేది. వంటవాళ్లు ముందురోజే బెజవాడ నుంచి బుట్టలతో పండ్లు తెప్పించేవాళ్లు. గంగాళం నిండా పాలు కాచి, చల్లటి పాలలో కలిపిన కస్టర్డ్ పొడి పోసి, అడుగంటకుండా తిప్పి, ఆ గంగాళాన్ని ఐసుగడ్డల మధ్య కూర్చోబెట్టేవాళ్లు. ఆపిల్ ముక్కలు గోరంత కోసేవాళ్లు. ద్రాక్షల్ని రెండుగా చీల్చి గింజలు తీసేవాళ్లు. చిన్న స్టీలు గ్లాసులో ఒక గరిటె పోస్తే అందులో రెండు ఆపిల్ తునకలు, నాలుగు దానిమ్మ గింజలు వచ్చేవి. పందిట్లోవాళ్లు, వంటశాలలో పనిచేసినవాళ్లు, పాలేర్లు, వాళ్ల పిల్లలు, అందరికీ అదే గరిటె. ఒంట్లో ఏ రోగమూ లేకుండా మేం ఆపిల్ తిన్నది అక్కడే. మా నాయనమ్మ గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమని నా చేతికే ఇచ్చేది. ముక్కలు మెత్తబడి, చిక్కటి పాలతో కలిసి, పళ్లు లేని నోట్లో సులువుగా జారేవి.

కస్టర్డ్ పొడి పుట్టుక కూడా అలాంటి అవసరం నుంచే. 1837లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం నడిపే ఆల్‌ఫ్రెడ్ బర్డ్ భార్యకి గుడ్డు పడేది కాదు. అందుకని ఆయన గుడ్డు లేకుండా, మొక్కజొన్న పిండితో పాలు చిక్కబడే పొడి తయారుచేశాడు. ఒక మనిషి తినలేకపోతోందని చేసిన పొడి అది. గుడ్డు లేదు గనకే మన శాకాహార పెళ్లిళ్ల వంటశాలల్లోకీ ఏ అభ్యంతరమూ లేకుండా వచ్చింది.

పండుని పండులాగే తినాలన్న మాట మీద నేనిప్పటికీ ఉన్నాను. మా ఇంట్లో, నలుగురం కూర్చున్న చోట, జామ గుజ్జు, కమలా రసం చాలు. అయిదొందల మంది పందిరికి మాత్రం ఆ నియమం తీసుకెళ్లను. పదిమందికి సరిపోయే దానిమ్మల్ని వందమందికి అందించేది, నమలలేనివాళ్లని బంతిలో మిగతావాళ్లతో సమానంగా కూర్చోబెట్టేది కస్టర్డే. షష్టిపూర్తి అంటే బంతిలో సగంమంది పెద్దవాళ్లు. వాళ్లలో ఎంతమంది ఆ గట్టి ఆపిల్ ముక్కల్ని కప్పులోనే వదిలేశారో బల్లల మీద చూశాను. వాళ్లకి ఆ రోజు కావలసింది కస్టర్డ్.

ఈ మాఘంలో మా దగ్గరివాళ్ల పెళ్లి ఉంది. వంటాయనతో మాట్లాడాను. కస్టర్డ్ ఉండాలన్నాను. అందులో సపోటా, అరటి, దానిమ్మ, అప్పటికి వచ్చే కొత్త ద్రాక్ష వేయమన్నాను. పాలు విరుగుతాయి కాబట్టి కమలా వద్దని, అనాస చేదు తెస్తుంది కాబట్టి అదీ వద్దని, పుచ్చకాయ అసలే వద్దని చెప్పాను. పంచదార సగానికి తగ్గించి, బాగా చల్లారాక జామ గుజ్జు కలపమన్నాను. ఆయన అన్నిటికీ తలూపి జామ దగ్గర ఆగాడు. “అంతమందికి గింజ తగలకుండా జల్లెడ పట్టేదెవరండీ, మా కుర్రాళ్లకి అంత ఓపిక ఉండదు” అన్నాడు. పెళ్లిరోజు తెల్లవారుజామున నేనే వచ్చి కూర్చుంటానని, బాగా పండిన జామలు రెండు బుట్టలు, పెద్ద జల్లెడలు రెండు సిద్ధంగా ఉంచమని చెప్పాను.