తేదీకి పూయించే చేతులు

పూలమొక్కను పూయించడం అంత పెద్ద విద్యేమీ కాదు. నేల బాగుండి, నీళ్లు సరిగా పడితే దానంతట అదే పూస్తుంది. ఫలానా వారంలో పూయించాలంటేనే చిక్కు. అదీ ఒకటీ అరా కాదు, వేల కుండీలు. కొన్ని ముందే పూసి రాలిపోకూడదు, కొన్ని మొగ్గల మీదే ఉండిపోకూడదు. జనవరి 26కీ, ఆగస్టు 15కీ ఒక్కరోజు కూడా వాయిదా ఉండదు. బెంగుళూరు లాల్‌బాగ్ తోటమాలులు ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్షకు కూర్చుంటారు.

గణతంత్ర దినోత్సవానికి ఒకటి, స్వాతంత్ర్య దినోత్సవానికి ఒకటి. ఈ పూల ప్రదర్శనలను కర్ణాటక ఉద్యానశాఖా, 1912లో పుట్టిన మైసూరు హార్టికల్చరల్ సొసైటీ కలిసి జరుపుతున్నాయి. 2025 ఆగస్టులో జరిగింది 218వది. ఒక్కో ప్రదర్శనకు ఒక్కో ఇతివృత్తం ఉంటుంది. 2025 జనవరిలో వాల్మీకి, ఆ ఆగస్టులో కిత్తూరు రాణి చెన్నమ్మ, సంగొళ్లి రాయణ్ణ. 2022లో కన్నడ సినీనటులు రాజ్‌కుమార్, పునీత్ రాజ్‌కుమార్‌ల పేరు మీద పెట్టినప్పుడు జనం విరగబడ్డారు. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి పొద్దున్నే బయల్దేరి, చూసి, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లు మనవాళ్లలోనూ చాలామందే. అందరూ గ్లాస్‌హౌస్ నడుమన నిలబెట్టిన పూల కట్టడం ముందు ఫోటో దిగుతారు. దాని చుట్టూ మెట్లు మెట్లుగా పేర్చిన కుండీల ముందు మాత్రం ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. అసలు పనితనం ఆ కుండీల్లోనే ఉందని నా నమ్మకం.

ముందు తోట సంగతి. 1760లో హైదర్ అలీ దీన్ని దాదాపు 40 ఎకరాల్లో మొదలుపెట్టాడు. అతనికి నమూనా శిరాలోని మొఘల్ తోట. ఆ శిరా మన మడకశిరకు ఎంతో దూరం కాదు. టిప్పు సుల్తాన్ దేశదేశాల నుంచి మొక్కలు, విత్తనాలు తెప్పించి తోటను పెంచాడు. 1799 తర్వాత అది ఇంగ్లీషువాళ్ల చేతుల్లోకి పోయి, 1856లో ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానమైంది. ఇప్పుడు 240 ఎకరాలు. లోపల దాదాపు 300 కోట్ల ఏళ్లనాటి నైస్ రాతిగుట్ట ఒకటుంది. దాని మీద బెంగుళూరు నిర్మాత కెంపేగౌడ కట్టించాడని చెప్పే బురుజు నిలిచి ఉంది. గుట్ట ఎక్కి ఊరు చూసేవాళ్లలో కాళ్లకింది రాయి వయసు ఎందరికి తెలుసో గానీ, భూగర్భ సర్వేక్షణ సంస్థ మాత్రం దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించి పలక పెట్టింది.

ప్రదర్శనకు గుండెకాయ గ్లాస్‌హౌస్. అప్పటి సూపరింటెండెంట్ జాన్ కామెరాన్ పట్టుబట్టి సాధించిన కట్టడమది. విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ 1889 నవంబర్ 30న దానికి శంకుస్థాపన చేశాడు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను మనసులో పెట్టుకుని గీసిన నమూనా. ఇనుప భాగాలు గ్లాస్గోలోని వాల్టర్ మాక్‌ఫర్లేన్ వారి సారసెన్ ఫౌండ్రీలో పోతపోసినవి. అక్కడ పోసి, ఓడెక్కించి, ఇక్కడ బిగించారు. పోత ఇనుము విరుగుతుంది గానీ వంగదు. సముద్రం దాటి వచ్చాక ఒక బోల్టు రంధ్రం వేలెడు పక్కకు ఉన్నా సుత్తితో సరిచేసుకునే వీలుండదు. అంటే కొలతలన్నీ అచ్చుల దగ్గరే తేలిపోవాలి.

ఖాళీ రోజుల్లో వెళ్లి ఆ స్తంభాలను దగ్గరగా చూడండి. ఎంత సన్నగా ఉంటాయంటే, ఇంత కప్పు వాటిమీద ఆగిందంటే ఒకపట్టాన నమ్మబుద్ధి కాదు. స్తంభం, దూలం కలిసే మూలలో ఆకులూ తీగెలూ చుట్టుకున్నట్టు పోతపోసిన బ్రాకెట్టు ఉంటుంది. అది అలంకారమే అనుకుంటాం గానీ, కప్పు బరువును స్తంభం మీదికి మళ్లించేది కూడా అదే. 1935లో తూర్పువైపు రెక్కను పొడిగించారు. దానికి ఇనుము భద్రావతి కర్మాగారం నుంచి వచ్చింది. గ్లాస్గో నుంచి తెప్పించినదాని పక్కన మైసూరు రాజ్యంలో తయారైన ఇనుము నిలబడింది. అతుకు ఎక్కడుందో నా కంటికి ఆనలేదు. అంతకంటే మెప్పు ఏముంటుంది?

కామెరాన్ 1874 నుంచి 1908 దాకా ఇక్కడ పనిచేశాడు.  

ఇక నర్సరీలోకి వద్దాం. ముహూర్తం పెట్టుకుని వెనక్కి లెక్కవేసే పెళ్లి వంటవాడిలా తోటమాలి కూడా ప్రదర్శన తేదీ నుంచి వెనక్కి నడుస్తాడు. పొట్టి బంతికి విత్తింది మొదలు పువ్వుదాకా సుమారు 50 నుంచి 60 రోజులు. అంటే జనవరి ప్రదర్శనకు నవంబర్‌లో విత్తాలి. పెటూనియా, సాల్వియా దాదాపు 3 నెలలు తీసుకుంటాయి, కనుక అక్టోబర్‌లో. సినరేరియా మరీ తాపీ మనిషి, 4 నెలలైనా కావాలి. అన్నీ ఒకేసారి విత్తే తోటమాలి నష్టపోతాడు. అందుకే వారం వారం తేడాతో విడతలుగా విత్తుతారు. చలి ఎక్కువై మొదటి విడత వెనకబడినా, ఎండ కాసి రెండోది ముందుకు దూకినా, ఏదో ఒకటి చేతికి అందుతుంది.

పెటూనియా విత్తనం చూశారా? ఒక గ్రాములో దాదాపు 10,000 ఉంటాయి. అరచేతిలో పోసుకుంటే నశ్యం పొడి అనుకుంటారు. ఒట్టి చేత్తో చల్లితే ఒకచోట గుంపుగా, ఒకచోట బోసిగా మొలుస్తుంది. అందుకని జల్లించిన సన్నని ఇసుకలో కలిపి చల్లుతారు. పైన మట్టి కప్పరు, మొలకెత్తడానికి దానికి వెలుతురు కావాలి. నీళ్లు పోస్తే కొట్టుకుపోతుంది కాబట్టి మంచులా చిమ్ముతారు, లేదా ట్రేను నీళ్లలో పెట్టి అడుగునుంచి పీల్చుకోనిస్తారు. ఇంత నాజూకుగా పుట్టింది నారై, నాలుగు ఆకులు వేశాక వేళ్ల దగ్గరి మట్టి చెదరకుండా ఒక్కొక్కటే తీసి కుండీలోకి మారుస్తారు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన మిశ్రమం. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దకట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. ఈ పరీక్షకు యంత్రం లేదు.

తరవాతది తలతుంచుడు. ఈ పనిని నేను ఎంతసేపు చూసినా విసుగు రాలేదు. మొక్క జానెడు కూడా ఎదగకముందే దాని కొసచిగురును బొటనవేలి గోరుకూ చూపుడువేలికీ మధ్య పట్టి టక్కున గిల్లేస్తారు. పెరిగే కొస పైన ఉన్నంతకాలం అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగి పక్కచిగుళ్లను అణిచిపెడుతుంది. కొస పోగానే ఆకుల చంకల్లో నిద్రపోతున్న చిగుళ్లు లేస్తాయి. ఒక కొమ్మ ఉన్నచోట నాలుగైదు, రెండోసారి తుంచితే వాటికి రెట్టింపు. మొక్క గుబురెక్కి కుండీ అంచులు దాటుతుంది. తుంచిన ప్రతిసారీ పూత మాత్రం పది పదిహేను రోజులు వెనక్కి పోతుంది. కాబట్టి ఆఖరిసారి ఎప్పుడు తుంచాలన్నదే తేదీని తేల్చేది. రెండురోజులు ముందు తుంచితే ప్రదర్శన మధ్యలోనే పూలు వాడతాయి, ఆలస్యమైతే ప్రారంభోత్సవానికి పచ్చటి ఆకులే మిగులుతాయి. ఆ ఏటి చలి ఎలా ఉందో, మేఘం ఎన్నాళ్లు పట్టిందో చూసుకుని తోటమాలి ఆ రోజును ఎంచుకుంటాడు. తొందరపడి మొగ్గ కట్టిన మొక్కలుంటే ఆ మొగ్గను నిర్దాక్షిణ్యంగా తీసేస్తాడు. ముందుకు పరుగెత్తే కుండీలు నీడకు, వెనకబడ్డవి ఎండకు మారుతుంటాయి. ప్రతి కుండీనీ కొన్నాళ్లకోసారి పావువంతు తిప్పుతారు, లేకపోతే మొక్క వెలుతురువైపే వాలి ఒంటిపక్క అయిపోతుంది.

చామంతి కథ వేరు. దాని పూతను నిర్ణయించేది రాత్రి నిడివి. రాత్రులు పెరిగేదాకా మొగ్గ తొడగదు. జనవరికి ప్రకృతే సాయం చేస్తుంది. ఆగస్టులో పగళ్లు పొడుగు. అప్పుడు చామంతి కావాలంటే పాలీహౌసుల్లో సాయంత్రం పెందలాడే నల్లగుడ్డ కప్పి మొక్కకు దొంగరాత్రి చూపించాల్సిందే.

ఆగస్టు ప్రదర్శన కష్టం అసలు అక్కడితో ఆగదు. నారు పోసేది మండుటెండల్లో, కుండీలు ఎదిగేది వానల్లో. పెటూనియా రేకు గట్టివాన తగిలితే తడిసిన కాగితంలా చితికిపోతుంది. అందుకే ఆ కాలంలో సాల్వియా, కోడిజుట్టు పువ్వు, కాశీతుమ్మ, బిగోనియాల వంటి గట్టి పిండాలకు పెద్దపీట. జనవరి ప్రదర్శన అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. పనితనానికి మార్కులు వేయమంటే నేను ఆగస్టుకే ఎక్కువ వేస్తాను.

ఆఖరి రాత్రులు పేర్పుడుకు. కుండీ కనిపించకూడదు, పువ్వే కనిపించాలి. ముందు వరుసలో పొట్టివి, వెనక్కి పోయేకొద్దీ పొడుగువి, కింది వరుస ఆకులు పైవరుస కుండీ పెదవిని కప్పేలా. వంగి చూస్తే తప్ప మట్టి దొరకదు. నీళ్లు మాత్రం రోజూ ప్రతి కుండీ మొదట్లోకీ చేరాలి, పువ్వుమీద పడకూడదు. పొడుగు గొట్టాలతో, జనం రాకముందే ఆ పని ముగించుకుని, వాడిన పూలు గిల్లి బుట్టల్లో వేసుకుని వెళ్లిపోతారు. తలుపులు తీసేసరికి తోట తనంతట తానే అలా పూసినట్టుంటుంది.

నడుమన నిలిచే పూల కట్టడం గురించి కూడా న్యాయంగా చెప్పాలి. ఇనుప చట్రం కట్టి, దానిమీద తడిపిన ఫోమ్ దిమ్మలు అమర్చి, గులాబీ, చామంతి కాడలను రెండు వేళ్ల పొడవుకు ఏటవాలుగా కోసి గుచ్చుతారు. పువ్వుకు పువ్వు ఒరుసుకుంటూ ఉండాలి, సందులో ఆకుపచ్చ ఫోమ్ కనిపిస్తే పని చెడినట్టే. గోడకు పెద్దపూలు సరిపోతాయి గానీ, గోపురం వంపు దగ్గర, కమాను అంచు దగ్గర చిన్న చామంతులే వాడాలి. లేకపోతే గీత మొద్దుబారుతుంది. 2023 ఆగస్టులో విధానసౌధను ఇలా కట్టారు. ఆ రాతి కట్టడపు కమానులను పూలతో తీయడం మాటలు కాదు. కోసిన పువ్వు నాలుగైదు రోజులకు మించి నిలవదు కాబట్టి ప్రదర్శన నడుమలో రాత్రికి రాత్రి పాతవి పీకి కొత్తవి గుచ్చుతారు. లక్షల్లో పూలు, వందల చేతులు. చూడముచ్చటే. ఆ ఫోమ్ మాత్రం నాకు మింగుడుపడదు. అది మట్టిలో కలవదు, చితికితే సన్నని ప్లాస్టిక్ పొడి అవుతుంది. ప్లాస్టిక్ సంచులు వద్దని గేటు దగ్గరే చెప్పే తోటకు అది నప్పదు. తడి నాచు, అరటిబోదె మీద పూలు గుచ్చడం మన పూలవాళ్లకు కొత్త విద్య కాదు గదా.

మరిగౌడ హాలులో ఇకెబానా, బోన్సాయ్, కూరగాయల చెక్కడం, కొబ్బరాకు అల్లికల పోటీలు జరుగుతాయి. ఓపిక ఉంటే చూడవచ్చు. ఎం.హెచ్. మరిగౌడ ఈ తోటను నడిపి, కర్ణాటకలో పండ్ల, పూల సాగును రైతుల పొలాల దాకా తీసుకుపోయిన మనిషి. ఆ హాలుకు ఆయన పేరు పెట్టడం సముచితం.

కామెరాన్ తర్వాత 1908లో వచ్చిన జర్మన్ తోటనిపుణుడు జి.హెచ్. క్రుంబీగల్ ఈ తేదీల విద్యను తోట గోడ దాటించాడు. లండన్‌లోని క్యూ ఉద్యానంలో పనిచేసి, బరోడా మీదుగా మైసూరు కొలువుకు వచ్చిన ఆయన బెంగుళూరు వీధుల్లో చెట్లను ఒకదాని పూత ముగిసేసరికి మరొకదాని పూత అందుకునేలా ఎంపికచేసి నాటించాడు. ఏడాది పొడుగునా ఊళ్లో ఎక్కడో ఒక వీధి పూసి ఉండాలన్నది ఆయన లెక్క. కుండీలో చేసే లెక్క ఫలితం 3 నెలల్లో తేలుతుంది, వీధిచెట్టుది తేలడానికి 10, 15 ఏళ్లు పడుతుంది. ఆ ఓపిక ఉన్నవాడు కనుకే ఆయన వేసిన దారిని తరవాతివాళ్లు వదల్లేదు. 1932లో ఆయన నుంచి పగ్గాలు అందుకున్న హెచ్.సి. జవరాయ, ఈ తోటకు సూపరింటెండెంట్ అయిన మొదటి భారతీయుడు.

వెళ్లదలిచినవాళ్లకు ఒక మాట. శని, ఆదివారాలు, సెలవురోజులు మానుకుని పనిరోజు పొద్దున్నే వెళ్లండి. మెట్రో ఆకుపచ్చ మార్గంలో లాల్‌బాగ్ పేరుతోనే స్టేషన్ ఉంది. పూల కట్టడాన్ని చివరికి ఉంచుకుని, ముందు కుండీల వరుసల దగ్గర వంగి, ఒక్క మొక్కకు ఎన్ని కొమ్మలున్నాయో, ఎక్కడ తుంచారో చూడండి. తోటమాలి కనిపిస్తే ఆ కుండీలోది ఎప్పుడు విత్తారో అడగండి. నిర్వాహకులకు ఒక మనవి కూడా ఉంది: ప్రతి వరుస ముందూ విత్తిన తేదీ, ఆఖరిసారి తుంచిన తేదీ, పెంచినవారి పేరు రాసిన చిన్న పలక పెట్టించండి.