పాట ధరలో కోత వద్దు

వేలంలో నాలుగైదు వస్తువులు గెలిచినవారు తగ్గింపు అడగడంలో తప్పేమీ లేదు. ఆ తగ్గింపు ఎందులోంచి ఇవ్వాలన్నదే తేల్చుకోవాల్సిన విషయం.

అద్దంకిలో ఉండి ఫోన్‌లోనే పాత తెలుగు పుస్తకాల వేలం నడుపుతుంటాను. చదివేవాళ్లు లేక బీరువాల్లో మగ్గుతున్న పుస్తకాలను వాటి తాలూకు కుటుంబాలు తెచ్చి అప్పగిస్తాయి. ఒక్కో పుస్తకానికి ఫొటో, అచ్చయిన సంవత్సరం, అట్ట పరిస్థితి, పురుగు తిన్న పేజీలుంటే ఆ సంగతి, మొదటి పాట ధర రాసి పెడతాను. గడువు ముగిసేసరికి హెచ్చుపాట ఎవరిదైతే పుస్తకం వారిది. ఒక్కరే నాలుగైదు గెలిచిన రాత్రి తప్పకుండా ఫోన్ వస్తుంది.

"మాస్టారూ, అయిదూ నేనే తీసుకున్నాను కదా, కాస్త చూసి వెయ్యండి."

"పాట ధర పాట ధరేనండీ. పోస్టు ఖర్చు మాత్రం ఒక్క పార్సిల్‌కే వేస్తాను."

ఎందుకంటే పాట ధర నేను పెట్టింది కాదు. ఇద్దరు పాఠకుల పోటీలో తేలింది. ఒకరు 400 అన్నారు, ఇంకొకరు 390 దగ్గర ఆగిపోయారు. ఆ పుస్తకాన్నే తర్వాత గుట్టుగా 350కి ఇచ్చేస్తే, 390 ఇస్తానన్న మనిషికి అన్యాయం చేసినట్టే. అలాంటి వేలానికి ఆయన మళ్లీ ఎందుకు వస్తారు? పైగా ఆ డబ్బు పుస్తకాలు ఇచ్చిన కుటుంబానిది. దాంట్లోంచి దానం చేసే హక్కు నాకు లేదు.

పాట అయ్యాక పడే కోత ఎలాంటిదో మా వైపు మిరప రైతులను అడిగితే చెబుతారు. ఇక్కడి చేలల్లో పండిన మిరపకాయ టిక్కీల్లో (బస్తాల్లో) గుంటూరు యార్డుకు చేరుతుంది. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం ఇ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్‌ను ప్రారంభించాక వ్యాపారులు లాట్లవారీగా ఆన్‌లైన్‌లో ధర వేసే పద్ధతి మార్కెట్ యార్డుల్లోకి వచ్చింది. గుంటూరు యార్డు కూడా అందులో ఉంది. ధర గిట్టకపోతే సరుకు ఇవ్వనని రైతు అనవచ్చు. ఒకే వ్యాపారి ఎన్ని లాట్లు కొన్నా ఏ లాటు ధర దానిదే. ఇదంతా బాగానే ఉంది. ఏ మార్కెట్లోనైనా రైతుకు కడుపు మండేది ఆ తర్వాతే: నిమ్ము ఉందని తరుగు, మచ్చు పేరుతో దోసిళ్లు, వెంటనే డబ్బు కావాలంటే మరో కోత. పైకి ధర తగ్గదు, చేతికొచ్చే సొమ్ము తగ్గుతుంది. రైతుకు జరిగితే అన్యాయమైనది పుస్తకాల వేలంలో న్యాయం ఎలా అవుతుంది?

అయితే ఎక్కువ కొన్నవారివల్ల నిజంగా మిగిలేది ఒకటుంది. అది పోస్టు ఖర్చు. 2025 మే 1న తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల దాకా వెళితే 100 రూపాయలు, పన్ను అదనం. ప్యాకింగ్‌తో కలిపి 300 గ్రాములు తూగే చిన్న పుస్తకాలు పదిహేను విడివిడిగా పంపితే 300 రూపాయలు. ఒకే కట్టగా కడితే నాలుగున్నర కిలోలు, 100 రూపాయలతో సరి. ఆ మిగిలిన 200 పూర్తిగా కొన్నవారికే చెందాలి. అందులో అమ్మేవాడు వాటా ఉంచుకోకూడదు.

కలిపి కట్టడానికీ ఒక పద్ధతి ఉంది. పెద్ద సైజు పుస్తకాలు అడుగున, చిన్నవి పైన పెట్టాలి. వెన్నులన్నీ ఒకే వైపు పెడితే కట్ట ఒరిగిపోతుంది, అందుకే ఒకటి అటు, ఒకటి ఇటు. వానకు తడవకుండా ముందు ప్లాస్టిక్ కవరు, ఆపైన కిందా మీదా మందపాటి అట్టలు, నాలుగు మూలలకూ మడతపెట్టిన కాగితం. పురికొస నేరుగా పుస్తకం అంచును తాకితే పాత కాగితం తెగుతుంది, అట్ట మీదుగానే బిగించాలి.

ఆన్‌లైన్ వేలాల సంస్థ ఈబే కూడా పాట ధరకూ పోస్టు ఖర్చుకూ మధ్య ఈ తేడా పాటించింది. ఎక్కువ సంఖ్యలో కొంటే తగ్గే ధరను స్థిర ధర సరుకుకు పెట్టింది. వేలంలో పలు వస్తువులు గెలిచినవారికి కలిపి పంపే ఖర్చులో తగ్గింపు ఇచ్చే ఏర్పాటు చేసింది. 2004లో బాజీ అనే వేలం సైటును కొని మన దేశానికి వచ్చిన ఆ సంస్థ ఇక్కడి దుకాణం 2018లో మూతపడింది. ఆ ఏర్పాటు మాత్రం ఫోన్‌లో వేలం నడిపే ఎవరికైనా పనికొస్తుంది.

ఎవరూ పాడని పుస్తకాల సంగతి వేరు. వాటికి పోటీ లేదు, ధర మనమే పెట్టాలి. ఇచ్చినవారిని అడిగి మూడు కలిపి ఒక రేటుకు అమ్మవచ్చు, పెద్ద కట్ట తీసుకున్నవారికి ఒకటి కొసరుగా వెయ్యవచ్చు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

ఫోన్‌లో వేలాలు నడుపుతున్న మిత్రులకు నా మనవి ఒకటే. ఎన్ని కొంటే ఏం తగ్గుతుందో, ఎన్నాళ్లలోపు కొన్నవి ఒకే పార్సిల్‌లో పంపుతారో పాట మొదలయ్యే ముందే అందరికీ కనిపించేలా రాయండి. రాసింది అందరికీ ఒకేలా అమలు చెయ్యండి. ముందు చెప్పి ఇచ్చేది తగ్గింపు. పాట అయ్యాక చాటుగా ఇచ్చేది పక్షపాతం.