దాచిన తుపాకీ: ఒక నవల, ఒక కథ, ఒక ప్రశ్న

మామూలు పౌరుడు ఆత్మరక్షణ కోసం తుపాకీ జేబులో దాచుకొని వీధుల్లో తిరగవచ్చునా? ఇది అమెరికా ప్రశ్న, మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. మన పిల్లలు అక్కడ బతుకుతున్నారు కాబట్టి అన్నది ఒక జవాబు. రచయితలకు సంబంధించిన జవాబు మరొకటి ఉంది. ఈ ప్రశ్న అక్కడి కోర్టుల్లో తేలుతున్నట్టు పైకి కనిపిస్తుంది. కాని తుపాకీ దాచుకున్న మనిషి బొమ్మను జనం మనసుల్లో గీసినవి నవలలూ కథలూ సినిమాలూ. ఆ బొమ్మ ముందు పుట్టింది, తీర్పులు తర్వాత వచ్చాయి. అంచేత ఇది సాహిత్య విమర్శకు బయటి విషయం కాదు.

మన సభల్లో ఈ ప్రసక్తి వచ్చినప్పుడల్లా నేను రెండు జవాబులు విన్నాను. తుపాకీ పెట్టుబడిదారు అమ్ముకునే సరుకు, దాన్ని నిషేధిస్తే సరిపోతుందనేది మొదటిది. ఆయుధం రాజ్యం గుత్తసొత్తు కాకూడదు, ప్రజల చేతిలో ఉండటమే అభ్యుదయం, కాబట్టి అమెరికన్ పౌరుడి హక్కును మనం సమర్థించాలనేది రెండోది. ఒకప్పుడు నేనూ రెండో జవాబు వైపు మొగ్గినవాణ్ణే. ఇప్పుడు రెండూ తొందరపాటు జవాబులేనని అనుకుంటున్నాను. ఎందుకో చెప్పడానికి ఒక నవలనూ ఒక కథనూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

నవల బ్రయన్ గార్‌ఫీల్డ్ 1972లో రాసిన 'డెత్ విష్'. పాల్ బెంజమిన్ న్యూయార్కులో లెక్కలు చూసే ఉద్యోగి. ఉదారవాది. దుండగులు ఇంట్లో చొరబడి చేసిన దాడిలో భార్య చనిపోతుంది, కూతురు మతి తప్పిపోతుంది. పోలీసులు ఏమీ చేయలేరు. అతనికి భయం పట్టుకుంటుంది. అరిజోనా వెళ్లినప్పుడు తుపాకీ సంపాదిస్తాడు. తిరిగి వచ్చి రాత్రిపూట వీధుల్లోకీ పార్కుల్లోకీ వెళ్లి, దొంగలనుకున్నవాళ్లను కాల్చడం మొదలుపెడతాడు.

ఈ నవలలో విమర్శకుడు పట్టుకోవలసిన విషయం ఒకటుంది. తన ఇంటి మీద దాడి చేసినవాళ్లను బెంజమిన్ ఎన్నడూ పట్టుకోడు. అతను చంపేది వేరేవాళ్లను. అంటే ఇది ప్రతీకారం కూడా కాదు. ఆత్మరక్షణ అంతకంటే కాదు. తుపాకీ లేనప్పుడు చీకటి వీధి తప్పించుకొని నడిచిన మనిషి, తుపాకీ వచ్చాక చీకటి వీధిని వెతుక్కుంటూ వెళతాడు. భయానికి మందుగా కొన్న వస్తువు భయాన్ని పోగొట్టలేదు. దాన్ని వేటగా మార్చింది. గార్‌ఫీల్డ్ గొప్ప రచయిత కాకపోవచ్చు. కాని ఈ మార్పును అతను నిజాయితీగానే చూశాడు.

1974లో మైకేల్ విన్నర్ దీన్ని చార్లెస్ బ్రాన్సన్‌తో సినిమాగా తీశాడు. కథానాయకుడి ఇంటిపేరు, వృత్తి మారాయి. వాటికంటె ముఖ్యమైనది, దృక్పథం మారింది. నవలలో జబ్బుగా కనిపించింది సినిమాలో వైద్యమైపోయింది. కథానాయకుడు కాఫీ దుకాణంలో డబ్బు కనబడేలా తీసి, దోచుకోవడానికి వెంటబడ్డవాళ్లను కాలుస్తాడు. ఎర వేసి చంపడాన్ని ఆత్మరక్షణ అనడం ఎలా కుదురుతుంది? తెర ముందున్నవాడికి ఆ ప్రశ్న రాకుండా సినిమా జాగ్రత్త పడింది. హాళ్లలో చప్పట్లు మోగాయి. గార్‌ఫీల్డ్‌కు ఇది నచ్చలేదు. 1975లో 'డెత్ సెంటెన్స్' అనే మరో నవల జవాబుగా రాశాడు. కాని జనంలో నిలిచింది ఆ జవాబు కాదు, చప్పట్లు. రచయిత ఉద్దేశం మంచిదైనంత మాత్రాన సరిపోదనడానికి ఇదొక ఉదాహరణ. హత్య చేసేవాడి కళ్లతోనే మొదటినుంచి చివరిదాకా కథ చెప్పి, చచ్చేవాడికి పేరూ ఇల్లూ తల్లీ లేకుండా చేస్తే, పాఠకుడు చంపేవాడి పక్షాన నిలబడతాడు. శిల్పం దృక్పథాన్ని ఓడించిందన్నమాట.

పదేళ్లకు ఆ బొమ్మకు ప్రాణం వచ్చింది. 1984 డిసెంబరు 22న న్యూయార్కు సబ్‌వే రైల్లో బెర్నార్డ్ గెట్జ్ అనే తెల్లవాడు నలుగురు నల్లజాతి కుర్రవాళ్లను కాల్చాడు. వాళ్లలో ఒకడు అయిదు డాలర్లు అడిగాడు. అడిగాడా, బెదిరించాడా అన్నదే తర్వాత నడిచిన వివాదం. గెట్జ్ 1981లో దోపిడీకి గురైనవాడు. లైసెన్సు అడిగితే ఇవ్వలేదు. లైసెన్సు లేకుండానే తుపాకీ పెట్టుకు తిరిగాడు. నలుగురూ బతికారు, ఒకడికి నడుము కింది భాగం శాశ్వతంగా పడిపోయింది. పత్రికలు గెట్జ్‌ను ఆ సినిమా కథానాయకుడితో పోల్చాయి. 1987లో జ్యూరీ హత్యాయత్నం నేరం నుంచి అతణ్ణి విడిచిపెట్టి, అక్రమంగా ఆయుధం ఉంచుకున్నందుకు మాత్రం దోషి అన్నది. 1996లో సివిల్ దావాలో మరో జ్యూరీ, కదలలేని ఆ యువకుడికి 4 కోట్ల 30 లక్షల డాలర్లు చెల్లించమంది.

ఈ కేసులో తేలవలసినది ఒకే విషయం: గెట్జ్ భయం సమంజసమైనదా? న్యూయార్కు అత్యున్నత న్యాయస్థానం 1986లో, కాల్చినవాడు తనకు భయం వేసిందని నిజంగా నమ్మితే చాలదు, ఆ పరిస్థితుల్లో ఆ భయం సమంజసమై ఉండాలని చెప్పింది. సూత్రం మంచిదే. కాని సమంజసమైన భయమేదో నిర్ణయించేది ఎవరు? రైల్లో నలుగురు నల్ల కుర్రవాళ్లను చూసి తెల్లవాడు భయపడితే, ఆ సమాజంలో చాలామందికి అది సహజమనిపిస్తుంది. తెల్లవాణ్ణి చూసి నల్ల కుర్రవాడు భయపడి కాలిస్తే అదే జ్యూరీ ఏమనేది? భయానికి వర్గమూ వర్ణమూ ఉన్నాయి. దాచిన తుపాకీకి అనుమతి ఇవ్వడమంటే ఎవరి భయానికి ఎంత విలువో ముందే తేల్చిన సమాజంలో, ఆ విలువల పట్టిక ప్రకారం కాల్చుకోమనడమే.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. దాన్ని దాటవేయడం విమర్శ కాదు. భయానికి వర్ణం ఉన్నట్టే లైసెన్సుకూ వర్ణం ఉంది. 1956లో మాంట్‌గొమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు పడింది. ఆయన తుపాకీ దాచుకొని తిరగడానికి అనుమతి అడిగాడు. ప్రాణభయానికి అంతకంటె రుజువేం కావాలి? ఇవ్వలేదు. 1967లో బ్లాక్ పాంథర్లు చట్టానికి లోబడే తుపాకులు బాహాటంగా పట్టుకు తిరిగితే, కాలిఫోర్నియా దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. సంతకం పెట్టిన గవర్నరు రొనాల్డ్ రీగన్. 1980 అధ్యక్ష ఎన్నికల్లో తుపాకీదారుల సంఘం మద్దతు పొందినవాడూ ఆ రీగనే. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు న్యూయార్కు లైసెన్సు పద్ధతిని కొట్టివేసింది. ప్రత్యేకమైన అవసరం రుజువు చేసుకుంటేనే అనుమతి ఇస్తామనడం చెల్లదన్నది. ఆ కేసులో, చట్టం పోవాలని కోరినవాళ్లలో పేదల తరఫున వాదించే నల్లజాతి న్యాయవాదులూ ఉన్నారు. తుపాకీ ఉంచుకున్నందుకు జైలుకు పోతున్నది తమ కక్షిదారులేనని వాళ్లు చెప్పారు. మొదటి జవాబువాళ్లు, అంటే నిషేధిస్తే చాలు అనేవాళ్లు, ఈ మాటకు జవాబు చెప్పాలి. ఇంగ్లీషువాళ్లు 1878లో తెచ్చిన ఆయుధాల చట్టం కింద భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియనుకు అక్కర్లేదు. ఆ అనుభవమున్న మనకు ఈ ఆక్షేపణ అర్థం కాకపోవడానికి వీల్లేదు.

ఐతే అందరికీ జేబు తుపాకీ ఇస్తే ఆ అన్యాయం పోతుందా? దీనికి నాకు రిచర్డ్ రైట్ కథ జవాబు చెప్పింది. రైట్ అమెరికా కమ్యూనిస్టు పార్టీలో పనిచేసి తర్వాత విడిపోయిన నల్లజాతి రచయిత. కథ మొదట 1940లో అచ్చయింది. దాని పేరును 'దాదాపు మగవాడైనవాడు' అని తెలుగులో చెప్పుకోవచ్చు. దక్షిణ రాష్ట్రాల్లో పదిహేడేళ్ల డేవ్, హాకిన్స్ అనే తెల్ల ఆసామి పొలంలో కూలి. అందరూ తనను పిల్లవాడిగా చూస్తున్నారని వాడి బాధ. తుపాకీ ఉంటే మగవాణ్ణవుతాననుకుంటాడు. తల్లిని బతిమాలి రెండు డాలర్లు తీసుకొని పాత రివాల్వరు కొంటాడు. తెచ్చి తనకిమ్మని తల్లి షరతు పెడుతుంది. వాడు ఇవ్వడు. తొడకు కట్టుకొని, బట్టల కింద దాచుకొని పొలానికి పోతాడు. కళ్లు మూసుకొని పేలుస్తాడు. గుండు ఆసామి కంచరగాడిదకు తగిలి అది చస్తుంది. అబద్ధమాడి దొరికిపోతాడు. జనం నవ్వుతారు. గాడిద ఖరీదు యాభై డాలర్లు, నెలకు రెండు డాలర్ల చొప్పున తీర్చాలి.

లెక్క వేయండి. ఇరవై అయిదు నెలలు. రెండు డాలర్ల స్వేచ్ఛ, యాభై డాలర్ల అప్పు. పాలేరుతనం అంటే ఏమిటో తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. డేవ్ ఆ రాత్రి పాతిపెట్టిన తుపాకీ తవ్వి తీసి, ఉన్న గుండ్లన్నీ పేల్చేస్తాడు. ఇంకొక్క గుండు ఉంటే హాకిన్స్ ఇంటి వైపు పేల్చి బెదరగొట్టేవాణ్ణనుకుంటాడు. తర్వాత ఖాళీ తుపాకీ జేబులో పెట్టుకొని, పోతున్న రైలెక్కుతాడు.

రైట్ ఇక్కడ చేసిన పని చూడండి. డేవ్ కోరిక తప్పని అనడు. ఆ కోరిక న్యాయమైనదే, మనిషిగా గుర్తించమనే కోరిక. దాన్ని తీర్చగల వస్తువుగా సమాజం వాడికి చూపించింది దుకాణం కేటలాగులోని బొమ్మను. పొలం హాకిన్స్‌ది, గాడిద హాకిన్స్‌ది, అప్పు డేవ్‌ది. తుపాకీ ఈ సంబంధంలో ఒక్క వెంట్రుకను కూడా కదిలించలేదు. గార్‌ఫీల్డ్ కథానాయకుడికి ఆస్తి ఉంది, తుపాకీ అతణ్ణి వేటగాణ్ణి చేసింది. డేవ్‌కు ఏమీ లేదు, తుపాకీ అతణ్ణి బాకీదారును చేసింది. ఒకే వస్తువు, రెండు వర్గాలు, రెండు ఫలితాలు. రెండో జవాబువాళ్లు, అంటే ఆయుధం ప్రజల చేతిలో ఉంటే చాలు అనేవాళ్లు, ఈ కథకు జవాబు చెప్పాలి.

చరిత్రలో పీడితులు ఆయుధం పట్టలేదా? పట్టారు. 1964లో లూసియానాలోని జోన్స్‌బొరోలో నల్లజాతి కార్మికులు రక్షణ దళం కట్టుకొని, పౌరహక్కుల కార్యకర్తలకు కాపలా కాశారు. మన తెలంగాణలో 1946–51 పోరాటం సంగతి చెప్పనక్కర్లేదు. కాని అక్కడ ఆయుధం వెనక సంఘం ఉంది. ఎవరు కాపలా ఉన్నారో ఊరికి తెలుసు. తప్పు జరిగితే అడిగేవాళ్లున్నారు. దాచిన తుపాకీకి ఈ మూడూ లేవు. దాన్ని మోసేవాడు ఒక్కడు, నిర్ణయించేవాడు ఒక్కడు, ఎదుటివాడికి తెలియనే తెలియదు. అది ప్రజల ఆయుధం కాదు. వ్యక్తివాదం జేబులో పెట్టుకొన్న ఆస్తి. ఇంకో మాట. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల 48,830 మంది చనిపోయారు. వాళ్లలో సగానికి పైగా తమను తాము కాల్చుకున్నవాళ్లు. ఒంటరివాడి తుపాకీ చివరికి ఎవరివైపు తిరుగుతుందో ఈ అంకె చెబుతుంది.

2017 ఫిబ్రవరి 22న కన్సాస్ రాష్ట్రం ఓలేతేలో, ఒక బార్‌లో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒక తెల్లవాడు తన దేశం విడిచి పొమ్మని అరుస్తూ కాల్పులు జరిపాడు. వాళ్లను ఇరాన్ దేశస్థులనుకున్నాడు. ఒకరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు. కన్సాస్‌లో అనుమతి లేకుండానే తుపాకీ దాచుకు తిరగవచ్చునని అప్పటికి రెండేళ్ల ముందే చట్టం వచ్చింది. నేడు సగానికి పైగా రాష్ట్రాల్లో అదే స్థితి. ఆ వారం మా బంధువు ఒకాయన నన్నడిగాడు: "మనవాళ్లు కూడా ఒక తుపాకీ కొనుక్కుంటే పోదా?" పోదు. పని వీసా మీద ఉన్నవాడు తుపాకీ ఉంచుకోవడాన్నే కొద్ది మినహాయింపులు తప్ప అక్కడి కేంద్ర చట్టం నిషేధించింది. పౌరుడి హక్కు అన్నప్పుడు ఆ పౌరుడెవరో చూడాలి. ఆ రాత్రి హంతకుడి వెంటబడింది, అదే బార్‌లో కూర్చున్న ఒక నిరాయుధుడైన అమెరికన్. అతనికీ గుండు తగిలింది. అతనికి ఆ ఇద్దరూ చుట్టాలు కారు. నాకు ఆ మనిషి మీద కథ చదవాలని ఉంది. 'డెత్ విష్' తర్వాత సినిమాలు వరసగా వచ్చాయి గాని, అటువంటి మనిషి కథ నా కళ్లబడలేదు.

కాబట్టి నా అభిప్రాయం: మామూలు పౌరుడు తుపాకీ దాచుకు తిరగకూడదు. కాని ఎవరు తిరగవచ్చునో తేల్చే అధికారం పోలీసు ఇష్టానికి వదిలే చట్టాన్ని కూడా నేను సమర్థించను. నిబంధన ఉంటే హాకిన్స్‌కూ డేవ్‌కూ ఒకటే ఉండాలి.

చివరగా మన సంగతి. మన కథల్లో ఎన్నింట్లో చివరి వాక్యంలో కూలివాడు ఒంటరిగా కొడవలి ఎత్తాడు! మనం దాన్ని చైతన్యం అన్నాం. సంచికల్లో అచ్చువేశాం, సభల్లో మెచ్చుకున్నాం. నేనూ మెచ్చుకున్నవాళ్లలో ఒకణ్ణి. కొడవలి దిగాక మర్నాడు ఆ కూలివాడి అప్పు ఏమైంది, పెళ్లాం ఏమైంది, పక్క పాలేరు ఏమన్నాడు? ఆ కథలు చెప్పవు. రైట్ చెప్పాడు. ఖాళీ తుపాకీతో రైలెక్కిన కుర్రవాణ్ణి విజేతగా చూపించకుండా, ఓడిపోయినవాడని నవ్వకుండా, అక్కడే నిలబెట్టాడు. కొడవలి ఎత్తడంతో కథ ముగిసిందనుకునే రచయిత, తనకు తెలియకుండానే, గార్‌ఫీల్డ్ నవలను కాదు, విన్నర్ సినిమానే రాస్తున్నాడు.