అలిపిరి చిరువర్తకుల నేర్పు

తిరుమలకు కాలినడకన వెళ్ళే భక్తులు సుమారు 3,550 మెట్లు ఎక్కడం మొదలుపెట్టే అలిపిరిలో, పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మే చిరువర్తకుల నేర్పు వ్యాపారశాస్త్రం శ్రద్ధగా గమనించదగినది. మెట్టుమెట్టుకూ పసుపు రాసి బొట్టు పెట్టే మొక్కు ఉన్నవారికి సరిపోయేలా చిన్న పొట్లాలు కట్టి అమ్మే ఈ వర్తకంలో, ఒక తోపుడుబండి గానీ నేలపై పరచిన పట్టా గానీ అంగడిగానూ గిడ్డంగిగానూ పనిచేస్తుంది; పొద్దున పెట్టిన మదుపు సాయంత్రానికే చేతికి రావాలి కనుక, ఏ సరుకు ఎంత తేవాలన్న అంచనాయే అసలు మూలధనం.

చేతిలో ఉన్నదానితో పని జరుపుకొనే ఇలాంటి ఉపాయాన్ని ఉత్తరాదిన జుగాడ్ అంటారు. దానిని మితిమీరి కీర్తించడం మాత్రం తగదు; డబ్బు అందకపోతే ఉపాయం ఒక్కటే చాలదు. పోచంపల్లి చీరకు నూలును కొయ్యల చుట్టూ వేలసార్లు తిప్పే ఆసు పనిలో తల్లి పడే శ్రమను తగ్గించాలని చింతకింది మల్లేశం 1992లో తలపెట్టిన యంత్రం, డబ్బు కొరత వల్ల కూడా, 1999కి గానీ పూర్తి కాలేదు. వీధి వర్తకులకు తరచు దొరికేది రోజువడ్డీ అప్పే కనుక, 2020లో కేంద్రం ప్రారంభించిన స్వనిధి పథకం తాకట్టు లేకుండా తొలివిడతగా ఇచ్చిన రూ.10,000 వరకు రుణం, మర్నాటి సరుకును ఎవరి షరతులపై కొనాలన్నదాన్ని మార్చగలదు.